ట్రాంబోన్‌కు పోటీ తక్కువ అనకండి, కుర్చీలు మూడే

సంపాదకులకు నమస్కారం.

మీ చదువులు, ఉద్యోగాల పేజీలో సంగీత వృత్తుల మీద వచ్చిన వ్యాసం చదివాం. వయొలిన్‌కూ పియానోకూ విపరీతమైన పోటీ ఉంది కాబట్టి ట్రాంబోన్ (స్లైడ్ అనే గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఊదే ఇత్తడి వాద్యం) లాంటి ‘తక్కువమంది నేర్చుకునే’ వాద్యం పట్టుకుంటే ఉద్యోగం తేలిగ్గా దొరుకుతుందని అందులో ఉంది. నేర్చుకునేవాళ్లు తక్కువన్నది నిజమే. దాన్నుంచి తేల్చిన లెక్కే తప్పు. ఆ మాట నమ్మి ఎవరైనా పిల్లల్ని అటు పంపకముందే అసలు సంగతి చెబుదామని ఈ ఉత్తరం.

పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్లు 16, రెండో వయొలిన్లు 14 దాకా ఉంటాయి. ట్రాంబోన్లు మూడు: ప్రిన్సిపల్ (ముఖ్య వాద్యకారుడు), సెకండ్, బాస్. మొదటి రెండూ టెనర్ ట్రాంబోన్లు, బాస్ వాటికన్నా పెద్దది. డబ్బున్న ఆర్కెస్ట్రా అయితే ప్రిన్సిపల్‌కు తోడుగా నాలుగో మనిషిని పెట్టుకుంటుంది. పోనీ ఆ మూడింటిలో ఏదో ఒకటి చూసుకుందామంటే అదీ కుదరదు. టెనర్ వాయించేవారు బాస్ కుర్చీకి పోటీ పడటం అరుదు. పెద్ద టెనర్ స్లైడ్ గొట్టం లోపలి వ్యాసం 13.9 మిల్లీమీటర్లు, బాస్‌ది 14.3. అర మిల్లీమీటరు తేడా కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ బాస్‌కు బెల్ (శబ్దం బయటికొచ్చే వెడల్పు మూతి) పెద్దది, మౌత్‌పీస్ (పెదవి ఆనించే భాగం) పెద్దది, గొట్టం పొడవు మార్చే వాల్వులు రెండు. పెదవికీ ఊపిరికీ అలవాటు మొదటినుంచీ వేరుగా పడాలి.

కూర్చున్నవాళ్లు తొందరగా లేవరు కూడా. చికాగో సింఫనీలో జే ఫ్రీడ్‌మన్ 1962లో చేరి, అర్ధ శతాబ్దం దాటాక కూడా ప్రిన్సిపల్‌గా వాయించారు. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో 1985లో ప్రిన్సిపల్ కుర్చీలో కూర్చున్న జోసెఫ్ అలెస్సీ మూడున్నర దశాబ్దాలు గడిచినా లేవలేదు. ఈలోపు ఎన్ని తరాల విద్యార్థులు పట్టాలు పుచ్చుకుని బయటికొచ్చారో చూసుకోండి.

చిన్న ఆర్కెస్ట్రాలైనా ఉన్నాయి కదా అంటారేమో. అవి ఎక్కువగా వాయించే హైడన్, మోత్సార్ట్ సింఫనీల్లో ట్రాంబోన్లు లేవు. బీథోవెన్ 1808లో వినిపించిన అయిదో సింఫనీలో కూడా అవి చివరి భాగంలోనే లేస్తాయి. అంచేత నలభైమంది ఉండే చాంబర్ ఆర్కెస్ట్రాలకు నెలజీతం ట్రాంబోన్ అక్కర్లేదు. అవసరమైన కచేరీకి ముగ్గుర్ని పిలిపించుకుని, అయిపోగానే పంపేస్తాయి.

ఒక కుర్చీ ఖాళీ అయితే ఏం జరుగుతుందో చెబుతాం. ప్రకటన వస్తుంది. దరఖాస్తులు వెళ్తాయి. కొన్నిచోట్ల ముందు రికార్డింగు అడుగుతారు. పిలుపు అందినవాళ్లు సొంత ఖర్చుతో వెళ్తారు. తొలి రౌండు తెర వెనక. నడక చప్పుడును బట్టి ఆడో మగో తెలిసిపోకుండా నేలమీద తివాచీ పరుస్తారు. నోరు విప్పకూడదు; సందేహముంటే పక్కన నిలబడ్డ మనిషి చెవిలో చెబితే ఆయన అడిగిపెడతాడు. మొత్తం అయిదు నుంచి పది నిమిషాలు. ఫెర్డినాండ్ డేవిడ్ 1837లో రాసిన కన్సర్టీనో అనే ట్రాంబోన్ రచన తొలి పేజీతో మొదలుపెట్టించడం మామూలు. తర్వాత ఆర్కెస్ట్రా రచనల్లోంచి ముక్కలు వరసగా వస్తాయి: మోత్సార్ట్ రెక్వియంలో ‘టూబా మీరం’, రావెల్ ‘బొలేరో’, వాగ్నర్ ‘వాల్క్యూరీల స్వారీ’, రొస్సీనీ ‘విలియం టెల్’, సాన్‌సాన్స్ మూడో సింఫనీ, మాలర్ మూడో సింఫనీలోని పెద్ద సోలో. ఒక్కోటి అరనిమిషం నుంచి రెండు నిమిషాలు.

ఎక్కువమంది తొలి రౌండులోనే ఇంటిముఖం పడతారు. పై స్వరాలు అందకో, బిగ్గరగా ఊదలేకో అనుకుంటే పొరపాటు. ముందు పట్టుబడేది లయ. ‘వాల్క్యూరీల స్వారీ’ 9/8 తాళంలో నడుస్తుంది. ఒక్కో బీటులో మూడు సమాన భాగాలు, వాటిలో మొదటిది సాగి రెండోదాన్ని కొంత తినేస్తుంది. ఆ మిగిలిన చిన్న స్వరం నాలుక కింద నలిగిపోతే తిశ్రం కాస్తా చతురశ్రమైపోతుంది. వాయించేవారికి తెలియదు, తెర అవతల వింటున్నవారికి మాత్రం రెండో బారులోనే (బారు అంటే ఒక తాళావర్తం) తెలిసిపోతుంది. సాన్‌సాన్స్ నెమ్మది భాగంలో చిక్కు ఇంకోరకం. ట్రాంబోన్‌కు ఎక్కువ స్వరాలు స్లైడ్ మీదే మారతాయి కాబట్టి లెగాటో (స్వరాలు తెగకుండా కలిపి వాయించడం) ఊరికే రాదు. గాలి ఆపకుండా, స్లైడ్ జరిగే క్షణంలో నాలుకను ‘ద’ అన్నంత మెత్తగా తాకించాలి. గాలి ఆగితే స్వరాలు తునకలవుతాయి, నాలుక మానేస్తే జారుడుబల్ల అవుతుంది. ‘విలియం టెల్’ తుఫానులో చెయ్యి ఆ చోటు చేరకముందే నాలుక కొట్టేస్తారు, అందుకే ప్రతి స్వరం మొదట్లో ఒక మసక వినిపిస్తుంది.

లయ తర్వాత శ్రుతి. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ‘స్లైడ్ ఉంది కదా, ఎక్కడైనా సర్దుకోవచ్చు’ అని వాద్యం తెలియనివాళ్లు అనుకుంటారు. స్లైడ్‌కు ఏడు స్థానాలు. గుర్తులు గానీ మెట్లు గానీ ఉండవు. మొదటి స్థానం నుంచి రెండోదానికి సుమారు 8 సెంటీమీటర్లు జరపాలి, ఆరు నుంచి ఏడుకు దాదాపు 11. కిందికి పోయేకొద్దీ దూరం పెరుగుతుంది, ఎందుకంటే పొడుగైన గొట్టాన్ని అరస్వరం దించడానికి ఇంకా పొడవు కావాలి. ఇక ‘డి’ స్వరం తీసుకోండి, మధ్య ‘సి’ మీదది. మొదటి స్థానంలో అది అయిదో అనుస్వరంగా (హార్మోనిక్, అంటే ఒకే పొడవు గొట్టంలో సహజంగా పలికే స్వరాల వరసలో అయిదోది) వస్తుంది. పియానో ‘డి’ కన్నా సుమారు 14 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) తక్కువ. ‘టూబా మీరం’లో లాగా బి-ఫ్లాట్ మేజర్‌లో (బి-ఫ్లాట్ షడ్జమంగా) ఆ స్వరం గాంధారమైతే సరిగ్గా అంతే కావాలి. తంబూరా మోగుతుంటే దానంతట అదే పలికే అంతర గాంధారం అదే కదా. అదే ‘డి’ షడ్జమో పంచమమో అయినప్పుడు మాత్రం చెవికి అపశ్రుతి. పైకి ఎత్తుదామంటే స్లైడ్ అప్పటికే పూర్తిగా లోపల ఉంది, ఇంకా లోపలికి పోదు. అందుకని తెలిసినవాళ్లు ట్యూనింగ్ స్లైడ్‌ను (మొత్తం వాద్యం శ్రుతి సరిచేసే వేరే గొట్టం) కాస్త లోపలికి నొక్కి, తమ మొదటి స్థానాన్నే ఒకటి రెండు సెంటీమీటర్లు బయట ఉంచుకుంటారు. లేదంటే ఆ ‘డి’ని నాలుగో స్థానంలో వాయిస్తారు. పైన ఉన్న ‘జి’ రెండో స్థానంలో ఏడో అనుస్వరం, దాదాపు 31 సెంట్లు కిందికి ఉంటుంది. దానికోసం రెండో స్థానాన్ని బాగా దగ్గరికి లాక్కోవాలి. ఇవన్నీ లెక్కవేసుకుని చేసేవి కావు. వెనక ఒక శ్రుతి మోగిస్తూ రోజూ పావుగంట నెమ్మదిగా వాయిస్తే చేతికి అబ్బుతాయి.

ఫైనల్లో తెర తీసేసి, సెక్షన్ (ఆ ఆర్కెస్ట్రాలోని మిగతా ట్రాంబోన్ వాద్యకారులు) తోటి కూర్చోబెట్టి వాయించమంటారు. గెలిచినా ఉద్యోగం ఖాయం కాదు. జర్మనీలో సాధారణంగా ఏడాది పరీక్షాకాలం. అమెరికాలో ఒకటి రెండు సీజన్లు. బ్రిటన్‌లో ఇద్దరు ముగ్గుర్ని విడతలవారీగా ట్రయల్‌కు పిలుస్తారు, తేలేసరికి నెలలు గడుస్తాయి. అందర్నీ విని, ఎవర్నీ తీసుకోకుండా ముగించే ఆడిషన్లూ ఉన్నాయి.

ఆ తెర ఎందుకని ఎవరైనా అడిగితే ట్రాంబోన్ వాద్యకారిణి అబీ కోనంట్ సంగతి చెప్పాలి. 1980లో మ్యూనిక్ ఫిల్‌హార్మోనిక్ ఆడిషన్‌కు ఆమెకు వచ్చిన పిలుపులో పేరుకు ముందు ‘శ్రీ’ అని ఉంది. 33 మంది తెర వెనక వాయిస్తే ఆమే నెగ్గారు. తెర తీశాక మనిషిని చూసి అవాక్కయ్యారు. తర్వాత ఆమెను సెకండ్‌కు దింపారు. దమ్ము చాలదన్న వాదనకు జవాబుగా ఆమె ఊపిరితిత్తుల పరీక్షలు చేయించుకుని కోర్టుకు కాగితాలు ఇవ్వాల్సి వచ్చింది. కేసు గెలిచి ప్రిన్సిపల్ కుర్చీ తిరిగి తెచ్చుకోవడానికి ఏళ్లు పట్టాయి, సరిసమానమైన జీతానికి ఇంకొన్నేళ్లు. చివరికి ఆమె బోధనలోకి వెళ్లారు. ఫైనల్లో తెర తీసేసే ఆర్కెస్ట్రాలు ఇప్పటికీ చాలా ఉన్నాయన్నది మాకు నచ్చని విషయం. ఆఖరిదాకా ఉంచితే పోయేదేముంది?

ఉద్యోగం వచ్చాక పని తక్కువని కూడా అనుకుంటారు, ఎక్కువసేపు ఖాళీగా కూర్చుంటారు కాబట్టి. ఆ ఖాళీయే కష్టం. బ్రామ్స్ మొదటి సింఫనీలో మూడు భాగాలపాటు, అంటే సుమారు అరగంట, ట్రాంబోన్లు ఒక్క స్వరం వాయించవు. నాలుగో భాగంలో ఒక్కసారిగా ముగ్గురూ కలిసి, మెత్తగా, పై స్థాయిలో కోరల్ (చర్చి కీర్తన లాంటి నెమ్మది వరస) ఎత్తుకోవాలి. ‘బొలేరో’ పదిహేను నిమిషాలైతే సగం దాటాక గానీ ట్రాంబోన్ సోలో రాదు, అదీ తార స్థాయిలో డి-ఫ్లాట్ దాకా ఎక్కేది. అప్పటికి పెదవి చల్లబడి ఉంటుంది. గొట్టంలో గాలి చల్లబడితే శ్రుతి దిగుతుంది. అందుకని ముందు కొన్ని నిమిషాలనుంచీ శబ్దం రాకుండా వెచ్చటి ఊపిరి వాద్యంలోకి వదులుతూ ఉంటారు, మౌత్‌పీస్‌ను పిడికిట్లో పెట్టుకుంటారు. ప్రేక్షకుల్లో ఎవరికీ కనపడదు ఇది.

కుర్చీ దొరకనివాళ్లే ఎక్కువ కాబట్టి వాళ్ల బతుకుతెరువు గురించి మీ వ్యాసంలో ఉండాల్సింది. అందులో మొదటిది బదిలీ వాయిద్యం, అంటే రాలేనివారి బదులు వెళ్లి వాయించడం. ఎవరికో జ్వరం వస్తే ఉదయం ఫోను, సాయంత్రం కచేరీ. ఇక్కడ రెండోసారి పిలుపు వాయించిన తీరును బట్టి ఎంత వస్తుందో, మిగతా నడవడిని బట్టీ అంతే వస్తుంది. ఫోనుకు వెంటనే జవాబివ్వాలి, అవునో కాదో. అరగంట ముందు కుర్చీలో ఉండాలి. పెన్సిల్ తెచ్చుకోవాలి. వార్మప్ పేరుతో ఆ రాత్రి ప్రిన్సిపల్ వాయించబోయే సోలోను ఆయన పక్కనే ఊదకూడదు. ఇంతకన్నా తొందరగా పేరు చెడగొట్టుకునే మార్గం లేదు. సెకండ్‌గా వెళ్తే ప్రిన్సిపల్ కన్నా ఒక పిసరు తక్కువ ధ్వని, స్వరం ఆపడం ఆయనతోపాటే. ఒప్పుకున్నాక ఎక్కువ డబ్బిచ్చే పని వచ్చిందని మానేస్తే ఆ కబురు ఊరంతా తిరుగుతుంది.

సంగీత నాటకాల పిట్‌లో (వేదిక ముందు వాద్యబృందం కూర్చునే గుంట) పని కాస్త నిలకడగా ఉంటుంది. నాటకం ఆడినన్నాళ్లు వారానికి ఎనిమిది ప్రదర్శనలు మామూలు. ఖర్చు తగ్గించాలని ట్రాంబోన్లను ఒకటికి కుదించడం ఎక్కువైంది కాబట్టి ఆ ఒక్కరే టెనర్, బాస్ రెండూ, ఒక్కోసారి యుఫోనియమో ట్యూబానో లాంటి వేరే ఇత్తడి వాద్యం కూడా వాయించాలి. మ్యూట్లు (ధ్వని రంగు మార్చడానికి బెల్‌కు పెట్టే మూతలు) వేరే తంటా. స్ట్రెయిట్, కప్, ప్లంజర్, బకెట్, హార్మన్. మార్చుకోవడానికి రెండు బార్ల వ్యవధి. ఎడమచేయి వాద్యాన్ని మోస్తుంది కాబట్టి మార్చేది కుడిచేత్తోనే, ఆ రెండు బార్లూ స్లైడ్‌ను ఎవరూ పట్టుకోరు. లాక్ వేయడం మరిస్తే స్లైడ్ జారి ముందున్నవారి కుర్చీకి తగులుతుంది. స్ట్రెయిట్ మ్యూట్ పెట్టగానే శ్రుతి కాస్త ఎక్కుతుంది, దాన్నీ చేయి సర్దుకోవాలి. పిట్‌లో బదిలీకి వెళ్లేవాళ్లు ముందురోజు ఆ కుర్చీ పక్కన కూర్చుని పుస్తకం చూసుకుంటారు, మర్నాడు రిహార్సల్ లేకుండా నేరుగా వాయిస్తారు.

సినిమా రికార్డింగులకు చూడగానే తప్పు లేకుండా చదవగలగాలి, చెవిలో లయ చెప్పే క్లిక్ మోగుతుంటే దానిమీదే నిలబడగలగాలి. బాస్, ఆల్టో, టెనర్ మూడు క్లెఫ్‌లూ (స్వరలిపిలో ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తులు) చదవడం రావాలి. బ్రిటిష్ బ్రాస్ బ్యాండ్లలో టెనర్ ట్రాంబోన్‌కు ట్రెబుల్ క్లెఫ్‌లో ట్రాన్స్‌పోజ్ చేసి (మోగే స్వరానికి బదులు వేరే స్వరంగా) రాస్తారు, అదీ తెలిసుండాలి. సల్సా అనే లాటిన్ నృత్య సంగీతంలో ట్రాంబోన్‌కు ప్రత్యేక స్థానం ఉంది. 1960ల మొదట్లో ఎడ్డీ పాల్మియేరి ‘లా పెర్ఫెక్టా’ బ్యాండులో ట్రంపెట్లకు బదులు ట్రాంబోన్లు పెట్టాక ఆ సంగీతం రంగే మారింది. ఆ శైలి అబ్బినవాళ్లకు ఆర్కెస్ట్రా ఆడిషన్ల గొడవ లేదు, కానీ అర్ధరాత్రి దాకా మైకు ముందు గట్టిగా ఊదగల పెదవి కావాలి. జాజ్‌లో పేరు కూడా పూచీ కాదు. బీబాప్ అనే జాజ్ శైలి వేగాన్ని ట్రాంబోన్ మీదికి తెచ్చిన జె.జె. జాన్సన్ అంతటివాడు 1950ల మొదట్లో రెండేళ్లు ఫ్యాక్టరీలో బ్లూప్రింట్లు తనిఖీ చేసి పొట్టపోసుకున్నాడు. తర్వాత సినిమాలకూ టీవీకీ సంగీతం రాసే పనిలోకి వెళ్లాడు. సోలో వాద్యకారుడిగానే బతికినవాళ్లలో క్రిస్టియన్ లిండ్‌బర్గ్‌ను చెబుతారు. స్వీడన్ రాయల్ ఒపెరాలో చిన్న వయసులోనే దొరికిన ఉద్యోగాన్ని కొద్దికాలానికే వదిలేసిన మనిషి ఆయన. ఆ దారిని ఒక ఉద్యోగమార్గంగా ఎవరికీ చూపించలేం.

నెలజీతం, పింఛను కావాలంటే సైనిక బ్యాండ్లు నిజంగా మంచి దారి, మీ వ్యాసం వాటి పేరే ఎత్తలేదు. చాలా దేశాల్లో వాద్యకారులు సైనికులుగానే చేరతారు, వయోపరిమితి ఉంటుంది, దేహదారుఢ్య పరీక్షలుంటాయి. అమెరికా మెరైన్ బ్యాండ్ ‘ప్రెసిడెంట్స్ ఓన్’లో చేరేవారికి మాత్రం రిక్రూట్ శిక్షణ మినహాయింపు. అన్నట్టు బ్రిటిష్ తరహా కవాతుల్లో ట్రాంబోన్లు ముందు వరసలో ఎందుకు నడుస్తాయంటే, స్లైడ్ చాచితే అర మీటరుకు పైగా ముందుకు పోతుంది, ముందెవరూ ఉండకపోవడమే మేలు.

బోధన గురించి క్లుప్తంగా చెబుతాం. దాదాపు అందరి ఆదాయంలోనూ అది ఉంటుంది. విశ్వవిద్యాలయంలో శాశ్వత పదవికి అమెరికాలో చాలాచోట్ల డాక్టరేట్ అడుగుతారు, అది ఆడిషన్‌కు ఏమీ పనికిరాదు. రెండింటికీ ఒకేసారి సిద్ధపడటం కష్టం, ఏది ముందో ఇరవై రెండేళ్ల వయసులోనే తేల్చుకోవాల్సి వస్తుంది.

ఇక ఒళ్లు. టెనర్ అయినా బాస్ అయినా రెండు కిలోలకు అటూ ఇటూ ఉండే బరువంతా ఎడమచేతి మీదే. కుడిచేయి స్లైడ్‌ను వేళ్లతో పట్టుకోవాలి తప్ప దానితో బరువు మోయకూడదు. మోస్తే స్లైడ్ వంకర లాగుడు లాగుతుంది, భుజం పట్టేస్తుంది. పెదవికి సాధనంత విశ్రాంతి కావాలి. పావుగంట ఊది పావుగంట ఆపడం సోమరితనం కాదు. అలసిన పెదవికి మౌత్‌పీస్ నొక్కి పై స్వరాలు తెప్పించుకోవడం అలవాటైతే కండరం చిరిగే ప్రమాదముంది. ఒకే శ్రేణిలో స్వరం వణకడం, పెదవి మూలనుంచి గాలి జారడం వారాల తరబడి ఉంటే సాధన పెంచొద్దు. ఫోకల్ డిస్టోనియా (కండరాలు అదుపు తప్పే నాడీ సంబంధమైన జబ్బు) అలాగే మొదలుకావచ్చు, సాధన పెంచితే ముదరవచ్చు. వాద్యకారుల జబ్బులు తెలిసిన వైద్యులకు చూపించాలి. చెవుల సంగతీ అంతే. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు సురక్షితమనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర పావుగంటే మిగులుతుంది. బ్రాస్ (ఇత్తడి వాద్యాల) సెక్షన్‌లో ఆ మోత అరుదేమీ కాదు. అన్ని స్థాయిలనూ సమంగా తగ్గించే ఇయర్‌ప్లగ్‌లు ఉన్నాయి. పెట్టుకున్న కొత్తలో తన ధ్వని తన తలలోనే గుంయిమంటుంది, అందుకే చాలామంది తీసి పారేస్తారు. ముందు ఇంట్లో మెత్తటి సాధనకు పెట్టుకుని అలవాటు చేసుకోవాలి.

వాద్యం గురించి ఒక్క స్లైడ్ సంగతే చెప్పి ఊరుకుంటాం, ఎందుకంటే ఆడిషన్లు దానిమీద పోతుంటాయి. వారానికోసారి గోరువెచ్చని నీళ్లతో లోపలి, బయటి గొట్టాలు కడగాలి. వేడినీళ్లు ఇత్తడి మీది లక్కరు పూతను పాడుచేస్తాయి. లోపల తుడిచే రాడ్డుకు గుడ్డ చుట్టేటప్పుడు కొనను కూడా పూర్తిగా కప్పాలి, లేకపోతే లోపల గీతలు పడతాయి. లోపలి గొట్టాల చివర కాస్త లావుగా ఉండే భాగానికి మాత్రమే క్రీము పల్చగా రాసి, నాలుగైదుసార్లు లాగి, పైన నీళ్లు చిలకరించాలి. క్రీము ఎక్కువైతే మూడు రోజుల్లో జిగురవుతుంది. అప్పటికీ పట్టేస్తుంటే బయటి స్లైడ్‌ను ఒక్క గొట్టానికే తొడిగి జారనివ్వండి, తర్వాత రెండోదానికి. రెండూ విడివిడిగా హాయిగా జారి, కలిపితే పట్టేస్తే గొట్టాలు సమాంతరం తప్పాయన్నమాట. ఒకటే పడితే ఆ గొట్టంలో సొట్ట ఉంది. రెండూ మరమ్మతు చేసేవారి పని, ఇంట్లో నొక్కి చూడకూడదు.

ఇంత విన్నాక కూడా నేర్చుకుంటామనేవాళ్లు ఉంటారు, ఉండాలి కూడా. వాళ్లు కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనాలూ ఫీజులూ చూసే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఏటా ట్రాంబోన్‌లో ఎంతమందిని తీసుకుంటారు? కాలేజీ ఆర్కెస్ట్రాలో ఉండేవీ మూడు నాలుగు కుర్చీలే కాబట్టి, ఎక్కువమందిని చేర్చుకునేచోట కొందరికి వాయించే అవకాశమే రాదు. పాఠం చెప్పే గురువు ప్రస్తుతం ఎక్కడైనా వాయిస్తున్నారా, బదిలీ పనికి విద్యార్థుల పేర్లు చెబుతారా? గత అయిదేళ్లలో బయటికి వెళ్లిన ట్రాంబోన్ విద్యార్థులు ఒక్కొక్కరూ ఇప్పుడు ఏం చేస్తున్నారు? మూడోదానికి జవాబు చెప్పలేని కాలేజీలో చేరొద్దన్నది మా సలహా. మీ తర్వాతి వ్యాసంలో ఈ ప్రశ్నలు అచ్చువేస్తే సంతోషిస్తాం.

ఇట్లు,
బ్రాస్ వాద్యాల శిక్షకులు